పొడి షెడ్డు

2002 మార్చి నాలుగో తేదీన నంజమ్మ తిన్నది రెండు ముద్దల బిసిబేళెబాతు, సగం మైసూరుపాకు. మిగిలింది టిఫిను డబ్బాలో సర్దుకుంది. ఆ తేదీని ఆమె ఎన్నేళ్లయినా మరవలేదు. తిండి రుచి మాత్రం ఆ రోజే తెలియలేదు.

ప్రతి ఏడాదీ మార్చి నాలుగున ఆ ఫ్యాక్టరీలో సేఫ్టీ డే జరుపుతారు. మిషన్లన్నీ ఆపేస్తారు. మగవాళ్ల చొక్కాలకూ ఆడవాళ్ల పైటలకూ పచ్చని కాగితపు బిళ్లలు గుచ్చుతారు. గేటు పక్కన పొయ్యి తవ్వి వంట చేయిస్తారు. షామియానా కింద కుర్చీలు వేసి, డిపార్ట్‌మెంటు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు మెడలో దండ వేస్తారు. ఆ ఒక్క రోజు అక్కడ రాయి కోసే చప్పుడు ఉండదు. కాకుల అరుపు వినబడి కొత్తవాళ్లు తలెత్తి చూస్తారు.

హెబ్బగోడి దాటి మట్టి రోడ్డు మీద లోపలికి పోతే వచ్చే గ్రానైటు ఫ్యాక్టరీ అది. ముందున్న పెద్ద షెడ్డులో రంపాలు బండల్ని పలకలుగా కోస్తాయి. అక్కడ నీళ్లు ధారగా పడుతూనే ఉంటాయి. లేకపోతే రంపం పళ్లు కాలిపోతాయి. వెనక షెడ్డులో పలకల అంచుల్ని చేతి గ్రైండర్లతో అరగదీస్తారు. అక్కడ నీళ్లు లేకపోయినా గ్రైండరుకేమీ కాదు. అందుకని నీళ్లు లేవు. దాన్ని అందరూ పొడి షెడ్డు అంటారు. సాయంత్రం అందులోంచి బయటికి వచ్చేవాళ్లు పిండిమరలో పని చేసి వచ్చినట్టుంటారు. కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లబడి ఉంటాయి.

ఆ పనికి మనుషులు నిలవరు. నిలిచినవాళ్లకు ఫ్యాక్టరీ వెనక గోడకు ఆనించి కట్టిన వరస గదుల్లో తలా ఒకటి ఇచ్చారు. అద్దె లేదు. పొడి షెడ్డు వదిలినవాడు గది కూడా వదలాలి. పని చేసే మనిషి పడిపోతే ఇంట్లోవాళ్లలో ఒకరు వచ్చి అతని జాగాలో నిలబడవచ్చు. అప్పుడు గది వాళ్లకే ఉంటుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గాని, దాన్ని అందరూ ఓనరు మంచితనంగానే చెప్పుకునేవారు. మూడో గదిలో ఉండే చిక్కమ్మ అట్లాగే, మొగుడు పోయిన నెలకు, అతని గ్రైండరు పట్టుకుంది.

నంజమ్మది అదే ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. ఆమె భర్త వెంకటరాయప్ప పొడి షెడ్డులో తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. బాగేపల్లి పక్క పల్లె నుంచి వచ్చినప్పుడు అతను బండను ఒంటి చేత్తో పక్కకు తిప్పేవాడు. ఇప్పుడు గది నుంచి గేటు దాకా నడవడానికి రెండు చోట్ల ఆగుతాడు. ఆగినప్పుడు ఎవరైనా చూస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతాడు. హెబ్బగోడిలో ఒక డాక్టరు టీబీ అని ఆర్నెల్లు మందులిచ్చాడు. తగ్గలేదు. సంక్రాంతి వెళ్లాక ఇ.ఎస్.ఐ. ఆస్పత్రికి పోతే అక్కడి కుర్ర డాక్టరు మొదట నంజమ్మను స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆ తర్వాతే ఎక్స్‌రేను కిటికీకి ఎత్తి చూపించాడు.

"ఇది టీబీ కాదమ్మా. రాతిపొడి. లోపలికి పోయింది బయటికి రాదు. ఇకమీదన్నా పోనీయకండి" అన్నాడు.

వెంకటరాయప్ప ఆ మాట నమ్మలేదు. అతనికి బెల్లం మీద నమ్మకం. పొడి షెడ్డువాళ్లకు రోజూ పని దిగే వేళకు సూపర్‌వైజరు మునినారాయణప్ప డబ్బా పట్టుకొచ్చి తలా ఒక బెల్లం గడ్డ ఇస్తాడు. బెల్లం తింటే గొంతులో చిక్కిన పొడి జారి కడుపులోకి పోతుందనీ, మర్నాటికి బయటికి పోతుందనీ షెడ్డులో అందరికీ తెలుసు. పాతవాళ్లు కొత్తవాళ్లకు మొదట నేర్పేది అదే. గ్రైండరు పట్టుకోవడం తర్వాత నేర్పుతారు. వెంకటరాయప్ప ఆదివారాలు కూడా అంగట్లో కొనుక్కుని తినేవాడు.

ఆ పొద్దున్నే మునినారాయణప్ప గది ముందుకు వచ్చాడు.

"వెంకటరాయప్పా, నువ్వు ఈపొద్దు రజా తీసుకోప్పా. జనం ముందర దగ్గుతా నిలబడితే నీకే కష్టం. సంబళం కోయంలే."

వెంకటరాయప్ప చేతులెత్తి దండం పెట్టాడు. జీతం కోయకుండా సెలవంటే నిజంగానే అది కొద్దిపాటి దయ. దగ్గేవాళ్లందరికీ ఆ దయ అందిందని నంజమ్మకు నీళ్ల కొళాయి దగ్గర తెలిసింది. చిక్కమ్మకు కూడా సెలవే.

కొళాయి దగ్గర పెద్దమునియప్ప మొహం కడుక్కుంటున్నాడు. షెడ్డులో అందరికన్నా పాతవాడు. ఏటా ఇన్‌స్పెక్టరు "మీకేమన్నా కష్టాలున్నాయా" అని అడిగినప్పుడు అందరి తరఫునా లేచేది ఆయనే.

"మామా, ఆ సారు అడిగినప్పుడు పొడి షెడ్డుకి నీళ్లు అడుగు మామా" అంది నంజమ్మ. "మా ఆయన్ని ఆ షెడ్డులోంచి తీసి బయట యాడన్నా పెట్టమను. గేటుకాడైనా సరే. డాక్టరు చెప్పినాడని చెప్పు."

"అడుగుతాలేమ్మణ్ణీ. నేను కాకపోతే ఎవురడుగుతారు. పోయినేడు లెట్రిను మీద రేకు లేదని అడిగితిని. వేసిరా లేదా?"

"సగానికి వేసిరి మామా."

"సగమన్నా వేసిరి కదా. వానొస్తే ఆ సగం కింద కూచోవల్ల, అంతే" అని నవ్వి, నవ్వులోంచి దగ్గులో పడి, కొళాయి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని ఇంట్లో ఉండమని ఎవరూ అనలేదు. లేచి మాట్లాడే మనిషి కావాలి కదా.

షామియానా కింద ఓనరు, ఇన్‌స్పెక్టరు కూర్చున్నారు. ఓనరు తెల్ల చొక్కా వేసుకున్న నెమ్మదైన మనిషి. పనివాళ్ల మీద గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆఫీసులో పని చేసే హేమలత మైకు ముందు నిలబడి, డిపార్ట్‌మెంటువాళ్లు అచ్చేసిన చిన్న పుస్తకం తెరిచి కన్నడంలో చదవడం మొదలుపెట్టింది. రాతి పనిలో ఏం పాటించాలో అందులో రాసి ఉంటుంది. ఏటా చదువుతారు. పుస్తకంలోని కన్నడం పండితుల కన్నడం. ఇళ్లలో తెలుగూ, అంగళ్లలో మామూలు కన్నడమూ మాట్లాడుకునే ఆ జనానికి అది గుడిలో అయ్యవారి మంత్రంలాగా ఉంటుంది. అర్థం కావలసిన పని లేదు, విన్నందుకు మంచి జరుగుతుంది. ఒక్కొక్క నియమం కాగానే మునినారాయణప్ప చప్పట్లు కొడతాడు. అందరూ కొడతారు.

నంజమ్మ కూడా తొమ్మిదేళ్లుగా అట్లాగే కొట్టింది. ఆ డాక్టరు మాట విన్నాక, ఈసారి మాత్రం ఆమె చెవులు మాటల్ని విడదీసుకున్నాయి.

రాతిని పొడిగా అరగదీయకూడదు. నీళ్లయినా పడుతూ ఉండాలి, దుమ్మును లాగే ఫ్యానులైనా ఉండాలి. చప్పట్లు. పనివాడికి ఏడాదికొకసారి ఎక్స్‌రే తీయించాలి. చప్పట్లు. ఊపిరితిత్తులు చెడినట్టు తెలిస్తే ఆ మనిషిని దుమ్ము లేని పనికి మార్చాలి, జీతం తగ్గించకూడదు.

ఆమె చేతులు ఆగిపోయాయి. తాను పొద్దున్న కొళాయి దగ్గర బతిమాలి అడిగిందంతా ఎవరో ముందే రాసి పెట్టారు. దాన్ని ఏటా తనకే చదివి వినిపిస్తున్నారు. తల ఎత్తి చూసింది. ఓనరు కూడా చప్పట్లు కొడుతున్నాడు. ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పడం లేదు.

పుస్తకం అయిపోయింది. ఇన్‌స్పెక్టరు లేచి, కష్టాలుంటే భయం లేకుండా చెప్పమన్నాడు. పెద్దమునియప్ప తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని లేచాడు. ఓనరు వైపు చూశాడు. పొయ్యి మీది గుండిగల వైపు చూశాడు. పొడి షెడ్డువాళ్లు కూర్చున్న వరస వైపు చూశాడు. నంజమ్మ వైపు మాత్రం చూడలేదు.

"స్వామీ, మాకు రోజూ బెల్లం ఇస్తారు. మొదట్లో పిడికిలంత ఇస్తా ఉండిరి. ఇప్పుడు రేగ్గాయంత అయిపోయింది. మా మునినారాయణప్ప చేతులు చిన్నవైపోయినాయో ఏమో తెల్దు."

అందరూ నవ్వారు. మునినారాయణప్ప తన చేతులు ఎత్తి చూపించాడు. ఇంకా నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వి ఓనరు చెవిలో ఏదో అన్నాడు. ఓనరు కూర్చున్నచోటు నుంచే రెండు వేళ్లు చూపించాడు. రేపటి నుంచి మనిషికి రెండు గడ్డలు, వాటితో ఒక అరటిపండు. అన్ని నియమాలకూ కలిపి కొట్టనన్ని చప్పట్లు దానికి కొట్టారు.

తర్వాత ఇన్‌స్పెక్టరు షెడ్లు చూడడానికి నడిచాడు. జనం వెనకాల నడిచారు. పెద్ద షెడ్డు చూసి పొడి షెడ్డులోకి వచ్చాడు. గ్రైండర్లు వరసగా బల్లల మీద పడుకుని ఉన్నాయి. వాటికి పసుపు కుంకుమ పెట్టారు. గాలి తేటగా ఉంది. పొద్దున్నే ట్యాంకరు తెప్పించి గోడలూ నేలా కడిగించారు. నేల మీద ఇంకా నీళ్లు నిలిచి ఉన్నాయి.

నంజమ్మ అందర్నీ తోసుకుంటూ ముందుకు వచ్చింది. కన్నడం గొంతులోకి రాలేదు, తెలుగే వచ్చింది.

"సార్, ఈ షెడ్డులో నీళ్లు లేవు సార్."

ఇన్‌స్పెక్టరు ఆగి కిందికి చూశాడు. అతని బూట్లు చీలమండ దాకా తడిసి ఉన్నాయి. ఆమె వైపు చూసి మెత్తగా, "నీళ్లలోనే నిలబడి ఉన్నానమ్మా" అన్నాడు.

జనం నవ్వారు. అది చెడ్డ నవ్వు కాదు. నంజమ్మ మొహం మీద కూడా తెలియకుండానే ఒక నవ్వు వచ్చి, అక్కడే ఉండిపోయింది.

"ఈపొద్దు పోసినారు సార్. రోజూ ఉండదు. మిషను ఆడించి చూడండి సార్, మీకే తెలుస్తాది. మా ఆయనకి ఎదలో..."

"ఈమె మొగుడికి టీబీ సార్" అన్నాడు మునినారాయణప్ప తొందరగా. అతని గొంతులో నిజమైన జాలి ఉంది. "మంచోడు సార్. కంపెనీ రజా ఇచ్చి సంబళం కూడా ఇస్తా ఉండాది."

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. వెంటనే కదలలేదు. గోడల వెంబడి ఒకసారి చూశాడు. "కొళాయి ఎక్కడ?" అని అడిగాడు. ట్యాంకరు వస్తుంది సార్ అన్నాడు ఓనరు. మిషను ఒకటి ఆడించమని అడుగుతాడేమోనని నంజమ్మ అతని నోటినే చూస్తూ నిలబడింది. సేఫ్టీ డే నాడు మిషను ఆడించకూడదని అతనికీ తెలుసు. ఇంకో రెండు ఫ్యాక్టరీల్లో అతని కోసం దండలు పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. బూట్లు తడి నేల మీద చప్పుడు చేస్తుండగా బయటికి నడిచాడు. వాకిట్లో ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడు. తర్వాత జీపు కదిలింది.

సాయంత్రం నంజమ్మ డబ్బా విప్పి భర్తకు అన్నం పెట్టింది. అతను గోడకు చేరగిలబడి కూర్చుని తిన్నాడు. రెండు నెలలుగా నిద్ర కూడా అట్లాగే, కూర్చునే. పడుకుంటే ఊపిరి ఆడదు. పక్కగదివాళ్లు ఒక పాత బస్తాలో గడ్డి కుక్కి వీపుకు ఆనించుకోమని ఇచ్చారు.

"బెల్లం రెండు గడ్డలంట కదా" అన్నాడు అతను. "పిల్లోళ్లు చెప్పుకుంటా పోతా ఉండిరి. నేనుండింటే నేనే అడుగుతా ఉంటిని."

"డాక్టరు ఏమి చెప్పినాడు నీకు?"

"ఆ డాక్టరు చిన్నోడే. ఇంగా మీసం రాలేదు వానికి. రాతి పని వానికేమి తెల్సు."

ఆమె మైసూరుపాకు విరిచి అతని చేతిలో పెట్టింది.

దీపాలు పెట్టే వేళ పెద్దమునియప్ప వచ్చాడు. గడప దగ్గరే కూలబడి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"నీళ్లే అడగల్లని లేస్తిని నంజమ్మా" అన్నాడు. "మీ ఆయన సంగతి గూడా నోట్లోనే ఉండాది. మనోళ్ల దిక్కు చూస్తి. అందరూ నన్నే చూస్తా ఉండారు. నీళ్లంటే ట్యాంకరు. ట్యాంకరు దుడ్డు ఓనరు యాడ కోస్తాడు? మా రేటులోనే. నీళ్లు పడితే అంచు మీద గీసుకున్న గీత కనబడదు, పని జరగదు, ఆడ గూడా కోతే. ఒగని కోసరం అందరి నోట్లో మట్టి కొట్టినట్ల అయితాదని..."

"ఇప్పుడు ఏమి పడతా ఉండాది మామా వాళ్ల నోట్లో?"

ఆయన తల దించుకున్నాడు. "బెల్లమైతే కాదనడు. అందుకని అడిగితిని. ఏదో ఒగటి తీసుకోని కూచోవల్ల కదా. ఉత్త చేతుల్తో ఎట్ల కూచోను?"

నంజమ్మకు కోపం రావలసింది. కాని ఆయన చేతివేళ్ల గోళ్లలో సబ్బుకు పోని రాతిపొడి కనబడింది. గిన్నెలో మిగిలిన కాఫీ వేడి చేసి గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్లాడు.

ఆయన వెళ్లిన కాసేపటికి మునినారాయణప్ప వచ్చాడు. చెప్పులు విడవకుండా వాకిలి ముందు నిలబడ్డాడు. అప్పటికి వెంకటరాయప్పకు కునుకు పట్టింది. గడ్డి బస్తా మీద తల ఒక పక్కకు వాలి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఎండాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు వస్తోంది. నంజమ్మ గడప దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఏమి అన్నా?" అంది.

"భయపడొద్దమ్మా, మంచి మాటే" అన్నాడు అతనూ గొంతు తగ్గించి. "నువ్వు ఆ సారుతో అట్ల మాట్లాడితివి కదా, ఓనరు కోపం చేసుకోలేదు. పాపం, కష్టంలో ఉండాది అనె. వెంకటరాయప్ప ఇంగ పనికి రాలేడని ఆయనకీ తెల్సిపోయింది."

"గేటు కాడ ఏమన్నా..."

"గేటుకి ఏజెన్సీవాళ్లు ఉండారమ్మా. అది నా చేతిలో లేదు. నేను ఏమి చేయగలనో అది చేసుకోని వస్తిని. రేపట్నించి నువ్వు ఆయన జాగాలో నిలబడు. ప్యాకింగులో నీకు దినానికి యాభై ఇస్తా ఉండారు. ఈడ ఎనభై అయిదు. రూము మీదే. వేరేవాళ్లు ఇద్దరు ఆ జాగా అడిగిరి, ఇయ్యలేదు నేను. మీకోసరం పెట్టుకోనుండా."

అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ మాట తెచ్చినందుకు అతని మొహంలో ఒక తృప్తి కూడా ఉంది. ఎనిమిదేళ్ల కింద ఆమెకు జ్వరమొస్తే ఆస్పత్రికి ఆటో పిలిచింది అతనే.

మూడో గదిలో చిక్కమ్మ దగ్గుతోంది. దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, ఎవరినో పిలుస్తున్నట్టు సన్నగా మూలిగింది. మునినారాయణప్ప ఆ వైపు చూసి, చూడనట్టు కాలి దగ్గరి మట్టిని చెప్పుతో సర్దాడు.

"నేను ఆ షెడ్డులోకి రానన్నా" అంది నంజమ్మ.

"కోపంలో చెప్పొద్దమ్మా. నిదానంగా ఆలోచన చేయి."

"కోపం లేదన్నా నాకు."

"మరి రూము? ఈయన్ని ఈ స్థితిలో యాడికి తీస్కపోతావు?"

"తెల్దు."

"ప్యాకింగు పనితో బాడుగ కట్టి, ఆయనకి మందులు కొని..."

"తెల్దన్నా."

"సరే. తెల్లారి వచ్చి అడుగుతా. రాత్రికి ఆయనతో గూడా మాట్లాడు."

"ఆయన పొమ్మంటాడు. నేను రాను." ఆమె గొంతు పెరగలేదు. అడిగితే దారి చూపించగలిగిన మనిషి గొంతు కూడా కాదది. "నాకు యాడికి పోవల్లో తెల్దు. ఆ షెడ్డులోకి రాననేది మాత్రం తెల్సు."

మునినారాయణప్పకు ఆ మాట ఎవరూ చెప్పి ఎరగరు. పొడి షెడ్డు జాగా ఇస్తామంటే కాళ్ల మీద పడ్డవాళ్లనే చూశాడు. ఓనరుకు ఈ జవాబు ఎట్లా చెప్పాలో కూడా అతనికి తోచలేదు.

లోపల వెంకటరాయప్ప తల ఇంకొంచెం వాలింది. నంజమ్మ వెళ్లి, నిద్ర చెడకుండా బస్తాను అతని మెడ కిందికి జరిపింది. తిరిగి వచ్చేసరికి మునినారాయణప్ప అక్కడే ఉన్నాడు. ఆమె రేకు తలుపును చప్పుడు కాకుండా రెండు చేతులతో కాస్త ఎత్తి పట్టుకుని దగ్గరికి లాగింది. అతని మొహం సన్నబడుతూ వచ్చి కనబడకుండా పోయింది. గడియ నెమ్మదిగా వేసింది. బయట అతను ఇంకా కదలలేదు.